మూలకు చేరిన నురగ

అక్టోబర్ 6

నా నంబరుకి నేనే మెసేజ్ పెట్టుకోవచ్చని చెల్లి మెర్లిన్ చూపించింది. "అంగడి సరుకులు మర్చిపోకుండా రాసుకో అన్నా" అంది. సరుకులు రాయడం లేదు. ఇది రాస్తున్నా. పంపేది నేనే, చదివేది నేనే. ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

టీచరమ్మ ఈరోజు రెండు బొద్దింకలు తిన్నది. చిన్నోడు ఒకటే.

నాన్న ఆరు కాకముందే పనికి వెళ్ళాడు. హమ్మయ్య.

అక్టోబర్ 7

ట్యాంకు కడిగాను. రెండడుగుల అద్దాల ట్యాంకు. కోట ఊళ్ళో రంగు చేపల షాపు హజరత్తయ్య అన్న, మూల కారుతోందని బయట పడేస్తే అడిగి తెచ్చుకున్నా. గమ్ము పెట్టాక కారడం లేదు. కింద మూడు వేళ్ళ లోతు నీళ్ళు, మధ్యలో ఎండుకొమ్మ, మనీప్లాంటు తీగ. పైన నాన్న పాత రొయ్యల వల ముక్క బిగించి కట్టాను. బోరు నీళ్ళు ఉప్పు, కప్పలకి పనికిరావు. డ్రమ్ములో పట్టిన వాన నీళ్ళే పోస్తా.

నేను కడుగుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఐగుప్తు దేశం మీదికి దేవుడు శిక్షగా పంపినాడు కప్పల్ని. నా కొడుకు మంచం పక్కన పెట్టుకోనుండాడు."

మెర్లిన్ హోంవర్క్ లోంచి తల ఎత్తకుండానే, "శిక్ష ఐగుప్తోళ్ళకి గదమ్మా, మనం వాకాడోళ్ళం" అంది.

"నోర్ముయ్యి. పాస్టరమ్మ గారొస్తే ఏం చెప్పాల?"

"చేపలని చెప్పు."

"చేపలు గోడెక్కుతాయంటనే?"

నిజమే, ఇవి చెట్టు కప్పలు. వేళ్ళ చివర గుండ్రంగా బొడిపెలుంటాయి, అద్దం మీద నిలువునా అతుక్కుపోతాయి. ఆగస్టులో స్నానాల గదిలో బకెట్ వెనక దొరికాయి. పెద్దది ఆడది. పొద్దంతా కళ్ళు సగం మూసి మనల్నే చూస్తూ కూర్చుంటుందని మెర్లిన్ దానికి టీచరమ్మ అని పేరు పెట్టింది. మగదానికి మోటారు అని పెట్టింది, స్టార్ట్ కాని మోటారులాగా టక్ టక్ టక్ అంటుందని.

మోటారు అనొద్దని చెప్పాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. నేను చిన్నోడు అంటాను.

అక్టోబర్ 8

ఈరోజు నా జుట్టు గురించి దేవుడికి ఫిర్యాదు వెళ్ళింది.

సాయంత్రం ఏడింటికి మా ఇంట్లో ప్రార్థన. చాప మీద నలుగురం. అమ్మ, మెర్లిన్, నేను, చివర నాన్న, వరసగా ఒక్కొక్కరం చేయాలి. నాది ఎప్పుడూ రెండే మాటలు: స్తోత్రం, ఆమెన్. జూలై నుంచి నాన్న నాతో మాట్లాడడం లేదు. చెప్పాలనుకున్నవన్నీ ప్రార్థనలో పెడతాడు.

"ప్రభువా, పరిశుద్ధుడా, ఈ దినమంతయు మమ్ములను కాచి కాపాడితివి, నీకు స్తోత్రము. నా భార్య ఎలిశబెతు మోకాలి నొప్పిని ముట్టి స్వస్థపరచుము. మెర్లిన్ చదువును దీవించుము. సుశీల్ కుమారు వెంట్రుకలు చెవుల మీదికొచ్చేసినాయి ప్రభువా. సందు చివర షాపు రేపు తీసే ఉంటుంది. పోయే బుద్ధి దయచేయుము."

మెర్లిన్ ముక్కులోంచి నవ్వింది. అమ్మ కళ్ళు మూసుకునే దాని తొడ మీద గిచ్చింది. గురి తప్పలేదు.

అక్టోబర్ 9

జుట్టు కత్తిరించుకొచ్చా.

సాయంత్రం నాన్న: "నిన్నటి మనవి ఆలకించితివి, స్తోత్రము."

అక్టోబర్ 11

జూలై సంగతి ఒక్కసారి రాసేస్తే మళ్ళీ రాసే పనుండదు.

అప్పుడు వెంకయ్య గారి రొయ్యల గుంటలకి నాన్నే పెద్ద. రెండు గుంటలూ ఆయన చేతి మీద నడిచేవి. నేను ఆయన కింద పని. జూలై పన్నెండు, ముసురు పట్టిన పొద్దున. నాన్న గుంటలు నాకు అప్పజెప్పి మేత కోసం కోటకి వెళ్ళాడు. ఆరున్నరకి కరెంటు పోయింది, ఏరేటర్లు ఆగాయి. అవి తిరుగుతూ నీళ్ళు చిమ్మకపోతే ముసురు రోజున రొయ్యకి గాలి చాలదు. జనరేటరు రిపేరుకి పోయింది. కరెంటు తిరిగొచ్చినా ఏరేటర్లు వాటంతట అవి తిరగవు, షెడ్డులోకెళ్ళి స్టార్టర్ నొక్కాలి.

కరెంటు రాలేదు.

నాన్న వచ్చేసరికి రొయ్యంతా పైకి తేలి ఉంది. "కరెంటు రాలేదా?" అన్నాడు. రాలేదన్నాను. వెంకయ్య గారికీ నాన్న అదే చెప్పాడు. పక్కనోళ్ళ గుంటలో ఏరేటర్లు తిరుగుతున్నాయి గదా అని ఆయన అంటే, "నా కొడుకు అబద్ధం చెప్పడయ్యా" అన్నాడు. పనోళ్ళందరి ముందు. ఆ సాయంత్రం నన్ను ఇంటి వెనక్కి పిలిచి ఇంకోసారి అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. నా మొహం వంక చాలాసేపు చూశాడు. అదే ఆఖరు, ఇంకో మాట లేదు. ఆ పనీ పోయింది. ఇప్పుడు కోట అవతల ఎవరి గుంటలోనో మేత చల్లుతున్నాడు.

కరెంటు రాలేదు. నా తప్పు కాదు.

అక్టోబర్ 12

ఆదివారం. చర్చిలో కానుకల సంచి ఇప్పుడు వేరే ఆయన పడుతున్నాడు. ఇంతకుముందు నాన్న పట్టేవాడు. ఎవరూ వద్దనలేదు, ఆయనే మానుకున్నాడు. "నా మాట మీద నలుగురికి అనుమానమొచ్చినాక నేను సంచి పట్టుకోకూడదు" అన్నాడని అమ్మ చెప్పింది.

కరెంటు రాలేదు గదా.

అక్టోబర్ 14

టీచరమ్మ పొట్ట లావైంది. పక్కనుంచి చూస్తే గుడ్లు ఉన్నట్టు తెలుస్తోంది. హజరత్తయ్య అన్నకి ఫోటో పంపితే వాయిస్ మెసేజ్ పెట్టాడు:

"అబ్బయా, నాకు చేపల సంగతే తెలుసు, కప్పలకి నువ్వే డాక్టరువి. అయినా చెప్తుండా విను. మనోళ్ళకి పెళ్ళికి ముహూర్తం ఉన్నట్టు వాటికి వాన. నువ్వే వాన కురిపించు. సన్నంగా చల్లు, కుమ్మరించొద్దు."

మూడుసార్లు విన్నాను. కప్పలకి నువ్వే డాక్టరువి అన్నచోట ఆపి మళ్ళీ విన్నాను.

నీళ్ళ బాటిల్ మూతకి సూదితో చిల్లులు పొడిచాను. సాయంత్రం వల మీదనుంచి అరగంట చల్లాను. చెయ్యి లాగింది. చిన్నోడు కొమ్మ చివరకొచ్చి గొంతు ఉబ్బించాడు. అరవలేదు. రేపు.

అక్టోబర్ 15

వాన చల్లాను. రేపు.

అక్టోబర్ 16

రేపు.

అక్టోబర్ 17

నిజం వాన వచ్చింది. సముద్రం వైపు నుంచి నల్లగా దిగి రోజంతా కురిసింది. ప్రార్థన సగంలో ఉండగా చిన్నోడు మొదలుపెట్టాడు.

టక్ టక్ టక్ టక్.

నాన్న మెర్లిన్ చదువు దగ్గర ఉన్నాడు. గొంతు పెంచాడు. చిన్నోడూ పెంచాడు.

"ప్రభువా, ఆ గదిలోనుండి వచ్చు శబ్దమును నిమ్మళపరచుము" అన్నాడు నాన్న.

టక్కున ఆగిపోయింది.

"ఆమెన్!" అని మెర్లిన్ అరిచింది. అమ్మ ఈసారి గిచ్చలేదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. నాన్న పెదాలు బిగపట్టుకుని ఉన్నాడు. నవ్వాపుకోవడమా కోపమా, చెప్పలేను. నవ్వేమో.

అక్టోబర్ 22

పెట్టేసింది! టీచరమ్మ పెట్టేసింది!

పొద్దున అయిదున్నరకి చూశాను. నీళ్ళకి బెత్తెడు పైన, ట్యాంకు మూల అద్దానికి అతుక్కుని ఉంది. చిన్నోడు వీపు మీద. టీచరమ్మ వెనక కాళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి తిప్పుతోంది, అమ్మ ఆమ్లెట్‌కి గుడ్డు గిలక్కొట్టినట్టు. కొట్టేకొద్దీ నురగ. తెల్లగా, గట్టిగా. గుడ్లు ఆ నురగ లోపలికి పోతాయి. నీళ్ళలో పెట్టవు ఇవి, నీళ్ళ పైన వేలాడేలా పెడతాయి. లోపలే పిల్లలై, నాలుగైదు రోజులకి నురగ కరిగి కిందున్న నీళ్ళలోకి జారిపడతాయి. అంత తెలివి దానికి ఎవరు నేర్పారో.

ఏడున్నర దాకా కదలకుండా చూశాను. మధ్యలో ఒకసారి అలిసిపోయి ఆగింది, మళ్ళీ కొట్టింది. అయ్యాక నా పిడికిలి కంటే పెద్దదైంది. నాలుగైదు వందల గుడ్లుంటాయి.

ఇలా చూడటం రెండోసారి. అప్పుడూ రెండు గంటలు పట్టింది.

మొదటిసారి ఎక్కడో రాయను.

అక్టోబర్ 23

నురగ పైన లేత గోధుమ రంగు పొర కట్టింది. అలాగే కట్టాలి, లోపల తడి ఆరకుండా. బరువుకి కిందికి సాగి చివర నీళ్ళకి తగులుతోంది. పర్లేదు. కప్పలకి మిడతలు పట్టుకురావాలి, వరి గట్ల మీదకి పోతున్నా.

అక్టోబర్ 23

లేదు.

నురగ లేదు. నీళ్ళు కొత్తవి. అద్దం తుడిచి ఉంది.

అక్టోబర్ 23

ఇప్పుడు ఎనిమిదిన్నర. చేతులకి మట్టి పోలేదు ఇంకా. జరిగినట్టే రాస్తాను.

మూడింటికి ఇంటికి వచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ పుష్పకుమారి అత్త ఇంట్లో స్త్రీల కూడికకి పోయింది, మెర్లిన్ బడికి. రాగానే ట్యాంకు చూశాను. అమ్మ పనే అనుకున్నాను. అమ్మ వచ్చాక అడిగితే, "నేను దాని దగ్గరికే పోనురా నాయనా, నాకు ఒళ్ళు జలదరిస్తది" అంది. మెర్లిన్ తల మీద చెయ్యి పెట్టుకుని నేను కాదంది. నేను మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. ప్రార్థనకి అమ్మ లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

నాన్న వంతు వచ్చింది.

"ప్రభువా, మేత లారీ రాక నేడు మధ్యాహ్నము కాసేపు నన్ను ఇంటికి చేర్చితివి, స్తోత్రము. మా బిడ్డ ట్యాంకులో నీళ్ళు చెడిపోయుండినాయి ప్రభువా. మూలకు నురగ చేరింది. ముప్పై ఏళ్ళుగా గుంటల్లో చూస్తుండా, మూలకు నురగ చేరితే ఆ నీళ్ళలో ఏదీ బతకదు. తీసి పారేసి నీళ్ళు మార్చినాను. ఇకనైనా వాడికి నీళ్ళు చూసుకునే…"

"అవి గుడ్లు నాయనా!"

నా నోట్లోంచే వచ్చింది. మూడు నెలల్లో ఆయనతో నేనన్న మొదటి మాట. మనిషి ప్రార్థనలో ఉండగా అడ్డం మాట్లాడాను.

నాన్న కళ్ళు తెరవలేదు. చేతులు జోడించినట్టే ఉన్నాయి. నుదుటి మీద నరం కదిలింది. అమ్మ గబగబా ఆమెన్ అనేసింది.

అప్పుడు కళ్ళు తెరిచాడు. నా వైపు కాదు. మెర్లిన్ వైపు చూశాడు.

"నురగలోనా?" అన్నాడు.

"నురగలోనేనంట నాయనా" అంది మెర్లిన్.

ఆయన లేచి టార్చి తీసుకుని ఇంటి వెనక్కి పోయాడు. మేమూ పోయాం. వలతో ఎత్తి అరటి పాదులో విసిరాడట. మొక్కలు నీడగా ఉన్నాయి, మట్టి తడిగా ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఎండిన ఆకులు ఒక్కొక్కటే పక్కకి పెడుతున్నాడు. ఒక ముక్క దొరికింది, చీమలు పట్టేసి ఉన్నాయి. ఇంకోటి ఆకు కింద, కోడిగుడ్డంత, పొర చిట్లకుండా ఉంది. టార్చి పెట్టి చూస్తే లోపల పచ్చటి చుక్కలు.

"బతికుండాయా అడుగు" అన్నాడు నాన్న.

"బతికుండాయా అన్నా?" అంది మెర్లిన్. పక్కనే నిలబడ్డాను, ఆయన మాట నాకు వినపడింది.

"తెలీదని చెప్పు."

"తెలీదంట."

"మొత్తం ఎన్నుంటాయో అడుగు."

"నాలుగైదొందలు."

నాన్న చీమలు పట్టిన ముక్కని అరచేతిలో పెట్టుకుని ఊదుతూ కూర్చున్నాడు. చీమలు పోవడం లేదు. "మూలకు నురగంటే నాకు ఇంకేం తెలీదు గదమ్మా" అన్నాడు మెర్లిన్‌తో. దానికి ఏడుపొచ్చేసింది.

తర్వాత పని ఆయనే చేశాడు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే ట్రేకి అరటాకు పరిచి, ఆకు మధ్యలో బొక్క చేసి, దాని మీద నురగ పెట్టి, ట్యాంకు లోపల నీళ్ళ పైన తాళ్ళతో వేలాడదీశాడు. పైన తడి గోనె కప్పాడు. ఆ ముడులు నేను ఎంత నేర్చుకున్నా అలా రావు.

అక్టోబర్ 24

కదలిక లేదు. గోనె తడిపాను.

మెర్లిన్ ఒక సంగతి చెప్పింది. "నువ్వు లేనప్పుడు నాయన ట్యాంకు ముందు కుర్చీ ఏసుకోని కూచుంటాడు, నీకు తెల్దా? టీచరమ్మ కాడ మంచిగా మాట్లాడతాడు. 'ఏమ్మే, తిన్నావా' అంటాడు."

కప్పతో మాట్లాడతాడు.

నీళ్ళు పాడైతే నా కప్పలు చస్తాయని మార్చాడు. తెలియక చేశాడు. నిన్న రాత్రి మోకాళ్ళ మీద వెతికాడు. ఒక్క మాట కూడా సాకు చెప్పలేదు, అందరి ముందూ నేనే తీసి పారేశానన్నాడు.

తెలియక చేశాడు ఆయన.

అక్టోబర్ 25

కరెంటు వచ్చింది.

అక్టోబర్ 25

పైన రాసింది చెరిపేద్దామని రెండుసార్లు వేలు పెట్టాను. చెరపలేదు.

పది నిమిషాల్లో వచ్చింది. షెడ్డులో బల్బు వెలిగింది. ఆ వెలుతురులోనే చూశాను వాటిని, నీళ్ళ తొట్టి అంచు మీద నురగ కొడుతున్నాయి. అంత వింత నేనెప్పుడూ చూడలేదు. స్టార్టర్ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఒక్క నిమిషం చూసి నొక్కుదాం అనుకున్నాను. తర్వాత ఇంకో నిమిషం. ఏ నిమిషంలో మర్చిపోయానో తెలియదు. నాన్న బండి చప్పుడికి గాని గుర్తు రాలేదు.

నాన్నకి చెప్పలేను. ఆయన మొహం చూస్తే నా నోరు పడిపోతుంది. మెసేజ్ పెడదామంటే ఆయనది బటన్ల ఫోను, మెర్లిన్ చేత చదివించుకుంటాడు.

నురగ కింద భాగం పల్చబడింది. లోపల ఏదో మెరుస్తున్నట్టుంది.

అక్టోబర్ 26

చెప్పేశాను.

ఈ సాయంత్రం, ప్రార్థనలోనే. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటారు, నన్నెవరూ చూడరు. నా వంతుకి ఎవరూ అడ్డం రారు. ఇన్నాళ్ళూ ఇది తట్టనేలేదు నాకు.

అమ్మది అయింది. మెర్లిన్‌ది అయింది. నాది.

"ప్రభువా" అన్నాను. తర్వాత ఏం రాలేదు. మెర్లిన్ నేను మర్చిపోయాననుకుని "స్తోత్రం" అని అందించింది.

"ప్రభువా, జూలై పన్నెండున కరెంటు పోయింది. పది నిమిషాలకి వచ్చింది. నేను స్టార్టర్ నొక్కలా. షెడ్డులో కప్పలు నురగ కొడతా ఉంటే చూస్తా ఉండిపోయినాను. మా నాయన అడిగితే కరెంటు రాలేదన్నాను. రెండుసార్లు అడిగినాడు, రెండుసార్లూ అదే చెప్పినాను. నా మాట నమ్మి ఆయన వెంకయ్య గారికి చెప్పినాడు. ఆయన అబద్ధమాడలా. నేనాడినాను. స్తోత్రం. ఆమెన్."

గోడ మీద బల్లి అరిచింది. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేశారు. కళ్ళు తెరవడానికి భయమేసి మూసుకునే ఉన్నాను.

నాన్న వంతు. ఎప్పుడూ వెంటనే అందుకునేవాడు. ఈరోజు అమ్మ మోకాలూ రాలేదు, మెర్లిన్ చదువూ రాలేదు. చివర అందరం కలిసి చెప్పే "పరలోకమందున్న మా తండ్రీ" ఒక్కటే మొదలుపెట్టాడు. ఇతరుల్ని మేం క్షమించినట్టు మమ్మల్ని క్షమించు అనే చోటికి వచ్చి ఆగిపోయాడు. ఆయన ఆగితే మేమూ ఆగాం. మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. ఈసారి ఆగకుండా చివరిదాకా చెప్పాడు.

తర్వాత అన్నం తిన్నాడు. పెరుగు కూడా వేసుకున్నాడు. చాప దులిపి పడుకున్నాడు.

అమ్మ గిన్నెలు సర్దుతూ నా నెత్తి మీద ఒక్కటి వేసింది. గట్టిగానే. తర్వాత అక్కడే చెయ్యి ఉంచింది.

భయంగానే ఉంది. కానీ ఆకలేసింది. జూలై నుంచి ఇంత ఆకలి వేయలేదు.

అక్టోబర్ 27

పొద్దున అయిదింటికి ఎవరో నా కాలి బొటనవేలు పట్టి ఊపారు. కళ్ళు తెరిస్తే నాన్న.

"లెయ్యిరా. పడతా ఉండాయి."

నాకే అన్నాడు. గదిలో ఇంకెవరూ లేరు. మెర్లిన్ నడవలో నిద్రపోతోంది.

లేచి చూశాను. నురగ అడుగున కరిగి తీగలాగా సాగుతోంది. దాని చివర నుంచి ఒకటి జారి నీళ్ళలో టప్ మంది. కాసేపు రాయిలా ఉండి, తోక ఆడించింది. ఇంకోటి. ఇంకోటి. పసుపు గింజకి తోక పెట్టినట్టున్నాయి.

నాన్న వంటింట్లోంచి తెల్ల ప్లేటు తెచ్చాడు. హేచరీ నుంచి రొయ్య పిల్ల వస్తే తెల్ల దాంట్లో పోసే లెక్కపెడతారు, అందులో అయితేనే కనపడతాయి. గరిటెతో మెల్లగా తీసి ప్లేటులో పోస్తూ, వేలితో గాల్లో గీతలు గీస్తూ లెక్క పెట్టాడు. రెండుసార్లు తప్పాడు, మళ్ళీ పెట్టాడు.

"నూట పద్దెనిమిది" అన్నాడు.

"ఇంకా పడతాయి నాయనా."

"వీటికి మేతేంది?"

"ఉడకబెట్టిన పాలకూర."

"అంతేనా?" అన్నాడు. రొయ్యకి పెట్టే మేతలో వందో వంతు లేదని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి ప్లేటులోకే చూస్తూ, "పోయినవి రెండొందలన్నా ఉంటాయి గదా" అన్నాడు.

"ఉంటాయి."

"ఊఁ" అన్నాడు. ప్లేటులో ఉన్నవాటిని జాగ్రత్తగా ట్యాంకులో వదిలి, చెయ్యి తుడుచుకుని లేచాడు. "చొక్కా ఏసుకో. వెంకయ్య గారి కాడికి పోవాల."

వేసుకున్నాను.

వెంకయ్య గారు గుంట గట్టు మీద నిలబడి మోటారు మెకానిక్‌ని తిడుతున్నారు. మమ్మల్ని చూసి ఆపారు.

"ఏం తిమోతీ, పొద్దున్నే ఇట్టొచ్చినావ్? నీ కొడుకు మూడు నెలల్లోనే తాడిచెట్టు మాదిరి అయినాడే."

"అయ్యా, జూలైలో నేను మీకు చెప్పింది తప్పు. ఆరోజు కరెంటు వచ్చింది."

"అది నాకు ఆ పూటే తెలుసులేవయ్యా. పక్కనోళ్ళవి తిరగతా ఉంటే నావి ఆగి ఉండె. నాకు కళ్ళు లేవా?" అన్నారు. "నువ్వు అంత గట్టిగా కొడుకు మాటంటే ఇంకేమంటా? ఊరుకున్నా" అన్నారు.

నాన్న నా వీపు మీద చెయ్యి వేసి ముందుకి నెట్టాడు. "నువ్వు చెప్పు."

నేను గట్టు మీద గడ్డిని చూస్తూ చెప్పాను. "కరెంటొచ్చిందయ్యా. నేను షెడ్డులో కప్పల్ని చూస్తా ఉండినాను."

"ఏందీ?"

"కప్పల్నయ్యా. గుడ్లు పెడతా ఉండినాయి."

వెంకయ్య గారు నన్ను చూశారు, నాన్నని చూశారు, మెకానిక్‌ని చూశారు. "నా రొయ్య గాలాడక చస్తా ఉంటే నువ్వు కప్పలకి పురుడు పోస్తా ఉండినావా రా!"

మెకానిక్ పానా కింద పడేసి నవ్వాడు. వెంకయ్య గారు నవ్వలేదు. ఒక పంటంతా పోయినాయన, ఎలా నవ్వుతాడు. కానీ పిల్లోడిని పంపి టీ తెప్పించారు. నాకూ ఇచ్చారు. తాగేటప్పుడు నాన్నతో, "పని సంగతి నేనేం మాట ఇయ్యలేను తిమోతీ. ఇప్పుడు వేరే మనిషిని పెట్టుకున్నా" అన్నారు.

"పని కోసం రాలేదయ్యా" అన్నాడు నాన్న. "ఇది చెప్పిపోదామనే వచ్చినా." గ్లాసు కింద పెట్టి నిటారుగా నిలబడ్డాడు. చర్చిలో సంచి పట్టుకుని వరస మధ్యలో నడిచేటప్పుడు ఇలాగే నిలబడేవాడు.

బండెక్కాం. నేను వెనక. గుంటలు దాటి రోడ్డెక్కాం. నాన్న తిట్టడం మొదలుపెట్టాడు.

మొదట ఏరేటర్. తర్వాత అబద్ధం. అది రెండుసార్లు. తర్వాత బడి మానేసింది. ఫోను కళ్ళకి అంటించుకుని కూర్చునేది. పొద్దున టిఫిన్ తినకుండా తిరిగేది. తడి తువ్వాలు మంచం మీద వేసేది. అమ్మ మోకాలు నొప్పంటుంటే నీళ్ళ బిందె ఎత్తనిది. వల ముక్క అడక్కుండా కోసుకున్నది. మూడు నెలలవి దాచిపెట్టుకున్నట్టున్నాడు, ఒకటీ వదల్లేదు. ఎదురుగా రొయ్యల లారీలు వస్తుంటే ఆగి, అవి పోయాక విడిచిన చోటే అందుకున్నాడు. ఒక్కటి కూడా దేవుడికి చెప్పలేదు, అన్నీ నాకే.

వాకాడు బ్రిడ్జి మీద గాలి ఎక్కువైంది. ఆయన మాటలు పక్కకి కొట్టుకుపోతున్నాయి.

నేను ఆయన భుజం పట్టుకుని చెవి దగ్గరికి వంగాను.

"వినపడలా నాయనా. మళ్ళీ చెప్పు."

బండి నెమ్మది చేసి మళ్ళీ తిట్టాడు.